లాగ్‌లో వేల ఎర్రర్లు కనిపిస్తుంటే అసలు ఎర్రర్‌ని పట్టుకునేదెలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ. కొత్తగా ప్రొడక్షన్ సపోర్ట్‌లో, అంటే వాడకంలో ఉన్న సాఫ్ట్‌వేర్ ఆగకుండా చూసుకునే పనిలో, చేరారు. ఏ చిన్న తేడా వచ్చినా "లాగ్ చూడు" అంటున్నారు, అంటే ప్రోగ్రామ్ తాను చేసేదంతా టైమ్‌తో సహా లైన్లుగా రాసిపెట్టే ఫైల్ చూడమని. ఫైల్ చూస్తే జీబీల్లో ఉంది, ఎడిటర్‌లో తెరిస్తే సిస్టమ్ బిగుసుకుపోతోంది. "ఎర్రర్" అని వెతికితే వేల లైన్లు వచ్చి పడుతున్నాయి. వాటిలో అసలు కారణం ఏదో తెలియక టెన్షన్ పడుతుంటే, పక్క సీట్లో సీనియర్ మాత్రం రెండు నిమిషాల్లో తేల్చేస్తున్నారు. వాళ్లు చేసేదేమిటి, దీనికేమైనా మంచి టూల్ ఉందా అని అడిగారు.

సూటిగా చెప్పాలంటే, "ఎర్రర్" అనే మాటతో కాకుండా టైమ్‌తో వెతకడం మొదలుపెట్టండి. ఇబ్బంది ఏ నిమిషంలో మొదలైందో ముందు తేల్చుకోండి. దానికి కాస్త ముందు నుంచి కాస్త తర్వాత వరకు ఉన్న ముక్కను వేరే ఫైల్‌లోకి తీసుకోండి. అందులోంచి రోజూ వచ్చే చెత్తను తీసేయండి. మిగిలిన లైన్లను రకాలవారీగా పోగేసి లెక్కపెట్టండి. ఏది ఎక్కువసార్లు వచ్చిందన్నది అంత ముఖ్యం కాదు, నిన్నటిదాకా లేకుండా ఇవాళ కొత్తగా వచ్చిందేమిటో చూడండి. ఆ లైను దొరికిందా, వెంటనే ఫిల్టర్లన్నీ తీసేసి దాని చుట్టుపక్కల ఉన్నదంతా మామూలుగా చదవండి. మీ సీనియర్లు చేసేది దాదాపు ఇదే. కాకపోతే వాళ్లకి ఆ అప్లికేషన్ రోజూ ఏమేం వాగుతుందో కంఠతా వచ్చు, అందుకే అంత స్పీడు. టూల్స్ సంగతి ఆఖర్లో చెప్తాను, అవి మీరనుకుంటున్నంత ముఖ్యం కావు.

ముందు ఫైల్ తెరిచే దగ్గరే సగం మంది ఇరుక్కుంటారు కాబట్టి దాని గురించి నాలుగు ముక్కలు. పెద్ద లాగ్‌ని ఎడిటర్‌లో తెరవకండి. లినక్స్‌లో "లెస్" అనే కమాండ్ ఉంది, అది ఫైల్ మొత్తాన్ని మెమరీలోకి లాగదు, తెర మీద చూపించాల్సినంతే చదువుతుంది. తెరిచాక పెద్ద జి కొడితే చివరికి వెళ్తారు. ఫైల్ మరీ పెద్దదైతే అక్కడ లైను నంబర్లు లెక్కపెడుతూ ఆగిపోతుంది. తెరిచేటప్పుడే మైనస్ ఎన్ ఇస్తే ఆ లెక్క మానేస్తుంది. మైనస్ పెద్ద ఎస్ ఇస్తే పొడుగాటి లైన్లు మడత పడకుండా ఒక్కో వరుసలో నిలబడతాయి. చదవడానికి ఇది ఎంత హాయో ఒకసారి వాడితే తెలుస్తుంది. లెస్‌లోనే యాంపర్‌శాండ్ గుర్తు కొట్టి ఏదైనా మాట టైప్ చేస్తే ఆ మాట ఉన్న లైన్లే కనిపిస్తాయి. దాని వెంట ఆశ్చర్యార్థకం పెడితే ఆ మాట లేని లైన్లు కనిపిస్తాయి. మళ్లీ యాంపర్‌శాండ్ కొట్టి ఏమీ రాయకుండా ఎంటర్ కొడితే ఫిల్టర్ పోతుంది. చాలామందికి ఏళ్ల తరబడి లెస్ వాడుతూ కూడా ఈ సంగతి తెలియదు.

పాత లాగ్‌లు కంప్రెస్ అయి జీజిప్ ఫైళ్లుగా ఉంటాయి. వాటిని విప్పాల్సిన పని లేదు, జెడ్‌లెస్, జెడ్‌గ్రెప్ (గ్రెప్ అంటే ఫైల్‌లో మాట వెతికి అది ఉన్న లైన్లు చూపించే కమాండ్) నేరుగా చదివేస్తాయి. నిండిపోతున్న డిస్క్ మీద పది జీబీల ఫైల్‌ని విప్పి పుండు మీద కారం చల్లకండి. లైవ్‌లో చూడాలంటే, ఫైల్ చివరి లైన్లు చూపించే టెయిల్ కమాండ్‌కి చిన్న ఎఫ్ కాకుండా పెద్ద ఎఫ్ ఇవ్వండి. చిన్న ఎఫ్ తెరిచిన ఫైల్‌నే పట్టుకుని కూర్చుంటుంది. అర్ధరాత్రి లాగ్ రొటేట్ అయి పాత ఫైల్ పేరు మారిపోతే, కొత్త లైన్లు కొత్త ఫైల్‌లోకి వెళ్తుంటాయి, మీ తెర మాత్రం ప్రశాంతంగా ఉంటుంది. పెద్ద ఎఫ్ పేరును వెంబడిస్తుంది.

ఇప్పుడు టైమ్. ఇది చెప్పడానికి సులువు, చేసేటప్పుడే తిప్పలు పెడుతుంది.

మొదటిది టైమ్ జోన్. యూజర్ "పదింటికి ఆగిపోయింది" అంటారు. అది వాళ్ల గడియారం. సర్వర్ సాధారణంగా యూటీసీలో, అంటే ప్రపంచమంతటికీ ఉమ్మడి ప్రామాణిక టైమ్‌లో, రాస్తుంది. డేటాబేస్ ఇంకో జోన్‌లో రాయొచ్చు. ఏ లాగ్ ఏ జోన్‌లో ఉందో ఒక కాగితం మీద రాసిపెట్టుకోండి, నిజంగానే. సిస్‌లాగ్ అంటే సర్వర్లూ పరికరాలూ లాగ్ మెసేజ్‌లు రాసి పంపే ఒక పద్ధతి. దాని పాత రూపంలో, అంటే ఆర్‌ఎఫ్‌సీ 3164 అనే ఇంటర్నెట్ సాంకేతిక పత్రంలో చెప్పిన రూపంలో, టైమ్‌లో సంవత్సరమూ ఉండదు, జోనూ ఉండదు. 2009లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 5424 ఈ రెండూ చేర్చింది గానీ పాత రూపంలో రాసే పరికరాలు ఇప్పటికీ కొల్లలు.

రెండోది, లైను మీదున్న టైమ్ దేని టైమ్ అన్నది. అపాచీ, ఎన్‌జిన్‌ఎక్స్ రెండూ వెబ్ సర్వర్లు, వచ్చిన రిక్వెస్ట్‌లను యాక్సెస్ లాగ్‌లో రాస్తాయి. అపాచీ యాక్సెస్ లాగ్‌లో మామూలుగా కనిపించేది రిక్వెస్ట్ వచ్చిన టైమ్. ఎన్‌జిన్‌ఎక్స్ యాక్సెస్ లాగ్‌లో కనిపించేది రిక్వెస్ట్ ముగిసి లైను రాసిన టైమ్. రిక్వెస్ట్ 60 సెకన్లు వేలాడి టైమ్‌అవుట్ అయితే రెండు లాగ్‌ల మధ్య నిమిషం తేడా వస్తుంది. ఇది తెలియకపోతే ఒకే సంఘటనను రెండు వేర్వేరు సంఘటనలుగా చూస్తూ కూర్చుంటారు. టైమ్‌అవుట్ ఎర్రర్లన్నిటికీ ఇదే సూత్రం. ఆ లైను మీదున్నది బాధ మొదలైన టైమ్ కాదు, ఓపిక అయిపోయిన టైమ్. 30 సెకన్ల టైమ్‌అవుట్ అయితే 30 సెకన్లు వెనక్కి వెళ్లి చదవాలి.

ముక్క కోసేటప్పుడు ఒక మెలిక ఉంది. చాలామంది సెడ్ అనే, లైన్లను ఏరి మార్చే కమాండ్‌తో "ఈ టైమ్ నుంచి ఈ టైమ్ వరకు" అని రెండు ప్యాటర్న్‌లు ఇస్తారు. మొదటి టైమ్‌తో కచ్చితంగా సరిపోయే లైను ఫైల్‌లో లేకపోతే ఏమీ రాదు. రెండో టైమ్‌తో సరిపోయే లైను లేకపోతే ఫైల్ చివరిదాకా కక్కేస్తుంది. సెకన్ల దాకా టైమ్ ఇచ్చి, "ఆ టైమ్‌లో ఏమీ జరగలేదు సార్" అని చెప్పినవాళ్లను చూశాను. లాగ్‌లో తేదీ సంవత్సరం, నెల, రోజు, గంట వరసలో ఉంటే ఆక్ అనే, లైన్లను షరతు పెట్టి ఏరే కమాండ్‌తో "దీనికన్నా పెద్దది, దానికన్నా చిన్నది" అని మామూలు అక్షరాల పోలికే పెట్టొచ్చు, ఆ వరసలో రాసిన తేదీలు అక్షరక్రమంలోనే కాలక్రమంలో ఉంటాయి. సిస్టమ్‌డీ (లినక్స్‌లో సర్వీసులను నడిపే ప్రోగ్రామ్) ఉన్న సర్వర్‌లో అయితే దాని లాగ్ చూపించే కమాండ్ జర్నల్‌సీటీఎల్‌కి సిన్స్, అంటిల్ ఆప్షన్లు ఉన్నాయి, ఈ గొడవే ఉండదు. మెషిన్ రీస్టార్ట్ అయిపోయి ఉంటే మైనస్ బి పక్కన మైనస్ ఒకటి ఇస్తే కిందటి బూట్ లాగ్ చూపిస్తుంది, అది డిస్క్ మీద దాచేలా సెట్ చేసి ఉంటేనే సుమా.

ఇక "ఎర్రర్" అనే మాటతో ఎందుకు మొదలుపెట్టొద్దన్నానో చెప్తాను.

సిస్‌లాగ్‌లో తీవ్రతకి ఎనిమిది మెట్లున్నాయి. 0 ఎమర్జెన్సీ, 1 అలర్ట్, 2 క్రిటికల్, 3 ఎర్రర్, 4 వార్నింగ్, 5 నోటీస్, 6 ఇన్ఫర్మేషనల్, 7 డీబగ్. జర్నల్‌సీటీఎల్‌కి మైనస్ పి ఎర్ అని ఇస్తే 0 నుంచి 3 దాకా అన్నీ వస్తాయి. చక్కగా ఉంది కదా? కానీ అప్లికేషన్లు ఎవరికి తోచిన పేరు వాళ్లు పెట్టుకున్నాయి. జావాతో వచ్చే సొంత లాగింగ్‌లో ఎర్రర్ అనే మెట్టే లేదు, సివియర్ అని ఉంటుంది. జావాలోనే వాడే లాగ్‌ఫోర్‌జే అనే లైబ్రరీలో ఎర్రర్ పైన ఫేటల్ ఉంది. పైథాన్‌లో క్రిటికల్ ఉంది. గో భాషలో రాసిన ప్రోగ్రామ్ కుప్పకూలితే పానిక్ అంటుంది. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో ఫేటల్ అని చూసి గుండె గుభేల్‌మంటుంది గానీ, ఆ ఒక్క కనెక్షన్ ముగిసిందని మాత్రమే దానర్థం. ఎవరో పాస్‌వర్డ్ తప్పు కొట్టినా ఫేటల్ అనే రాస్తుంది. అక్కడ నిజంగా భయపడాల్సింది పానిక్ కనిపిస్తే. కాబట్టి ఒక్క మాటతో వెతికితే అసలైనవి జారిపోతాయి, అక్కర్లేనివి వచ్చి కూర్చుంటాయి.

అంతకన్నా పెద్ద సంగతి, కారణం చాలాసార్లు ఇన్ఫో లైనులో ఉంటుంది. ఇల్లు అంటుకున్నప్పుడు ఎక్కువ గోల చేసేది ఇరుగుపొరుగువాళ్లే. లాగ్‌లో కూడా అరిచేవి దెబ్బ తగిలిన భాగాలు, దెబ్బ కొట్టిన భాగం ఒక్క లైను మామూలుగా రాసేసి ఊరుకుంటుంది. నేను చూసిన ఒక కేసులో ఫిల్టర్ పెడితే వేల టైమ్‌అవుట్ ఎర్రర్లు వచ్చాయి. అందరూ డేటాబేస్ మీద పడ్డారు. డేటాబేస్ టీమ్ వాళ్లేమో "మా దగ్గర లోడే లేదు, ఖాళీగా ఉంది" అంటారు. మొదటి ఎర్రర్ దగ్గరికెళ్లి, ఫిల్టర్ తీసేసి, పైకి చదివితే ఇదీ కనిపించింది (చదవడానికి వీలుగా కుదించి రాస్తున్నా):

02:10:41 ఇన్ఫో: కాన్ఫిగ్ రీలోడెడ్, మ్యాక్స్ పూల్ సైజ్ 5
02:10:44 డీబగ్: పూల్ నిండింది, వెయిటింగ్ 1
02:10:44 డీబగ్: పూల్ నిండింది, వెయిటింగ్ 2
02:11:14 ఎర్రర్: కనెక్షన్ దొరకలేదు, 30000 మిల్లీసెకన్ల తర్వాత టైమ్‌అవుట్

02:11:14లోంచి 30 సెకన్లు తీసేయండి, 02:10:44 వస్తుంది. అక్కడి నుంచి మూడు సెకన్లు పైకి వెళ్తే పూల్ సైజు, అంటే అప్లికేషన్ డేటాబేస్‌కి ఒకేసారి తెరిచి ఉంచగల కనెక్షన్ల సంఖ్య. అది అంతకుముందు 50 ఉండేది. కాన్ఫిగ్ ఫైల్‌లో ఎవరో ఒక సున్నా ఎగరగొట్టారు. డేటాబేస్ ఖాళీగా ఉందంటే ఉండదా మరి, దాని దాకా వెళ్లేవాళ్లే ఐదుగురైతే! ఎర్రర్ అన్న ఫిల్టర్‌తో ఆ వేల లైన్లు ఎంతసేపు చదివినా ఈ సున్నా సంగతి తెలిసేది కాదు.

చెత్త తీయడం గురించి. ప్రతి అప్లికేషన్‌కీ రోజూ వచ్చే, ఎవరూ పట్టించుకోని ఎర్రర్లు కొన్ని ఉంటాయి. ఫేవికాన్ అనే చిన్న బొమ్మ ఫైల్ లేకపోతే ఎన్‌జిన్‌ఎక్స్ దాన్ని ఎర్రర్ మెట్టులోనే రాస్తుంది. విండోస్ లాగ్‌లు చూపించే ఈవెంట్ వ్యూయర్‌లో డిస్ట్రిబ్యూటెడ్‌కామ్ పేరుతో 10016 నంబర్ ఈవెంట్ లెక్కలేనన్నిసార్లు కనిపిస్తుంది, దాన్ని వదిలేయొచ్చని మైక్రోసాఫ్టే చెప్పింది. ఇలాంటివాటిని ఒక టెక్స్ట్ ఫైల్‌లో లైనుకొకటి చొప్పున పోగేసుకోండి. గ్రెప్‌కి మైనస్ వి ఇచ్చి, మైనస్ చిన్న ఎఫ్‌తో ఆ ఫైల్ ఇస్తే, అవన్నీ పోయి మిగిలినవి వస్తాయి. మైనస్ పెద్ద ఎఫ్ కూడా చేర్చండి. అది ప్యాటర్న్‌ని ఉన్నదున్నట్టుగా చూస్తుంది, లేకపోతే చుక్కలు, బ్రాకెట్లు రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ (రకరకాల మాటలకు సరిపోయేలా రాసే వెతుకుడు సూత్రం) గుర్తులైపోయి ఏవేవో లైన్లు ఎగిరిపోతాయి.

ఇక్కడ రెండు జాగ్రత్తలు. ఒకటి, ఆ ఫైల్‌లో పొరపాటున ఒక ఖాళీ లైను ఉందనుకోండి. ఖాళీ ప్యాటర్న్ ప్రతి లైనుతోనూ సరిపోతుంది. మైనస్ వి ఉంది కాబట్టి అన్ని లైన్లూ పోతాయి, "ఎర్రర్లేమీ లేవు" అని మీరు సంబరపడతారు. ఫలితం మరీ శుభ్రంగా వచ్చినప్పుడు ముందు ఫిల్టర్‌నే అనుమానించండి. రెండు, "టైమ్‌అవుట్" లాంటి పొట్టి మాటను ఆ ఫైల్‌లో పెట్టకండి. అక్కర్లేని మెసేజ్‌ని వీలైనంత పొడుగ్గా పెట్టండి, అప్పుడే దాని చుట్టాలు బతికి ఉంటాయి. నెలకోసారైనా ఆ ఫైల్ తెరిచి చూడండి. అప్పట్లో చెత్త అనుకున్నది ఇప్పుడు చెత్త కాకపోవచ్చు.

చెత్త పోయాక పోగేసి లెక్కపెట్టడం. నా దృష్టిలో మొత్తం పనిలో ఎక్కువ ఫలితం ఇచ్చేది ఇదే, తక్కువ మంది చేసేదీ ఇదే. "ఆర్డర్ 48213 సేవ్ కాలేదు, 3021 మిల్లీసెకన్లు" అని ఒక లైను, "ఆర్డర్ 48977 సేవ్ కాలేదు, 3008 మిల్లీసెకన్లు" అని ఇంకో లైను. మనిషి కంటికి రెండూ ఒకటే, మెషిన్‌కి వేర్వేరు. అందుకని ముందు టైమ్ ఉన్న భాగాన్ని కోసేసి, సెడ్‌తో అంకెల గుంపులన్నిటినీ ఒకే గుర్తుగా మార్చేయండి. పొడుగాటి ఐడీలు అక్షరాలూ అంకెలూ కలిసి ఉంటే వాటినీ మార్చండి. ఆపైన లైన్లను వరసలో పెట్టే సార్ట్, తర్వాత ఒకేలా ఉన్నవాటిని కలిపే యూనిక్‌కి లెక్క కోసం మైనస్ సి, మళ్లీ సార్ట్‌కి, ఎక్కువసార్లు వచ్చినవి పైకి రావడానికి, మైనస్ ఆర్ఎన్. మధ్యలో సార్ట్ మర్చిపోవద్దు, యూనిక్ పక్కపక్కనున్న లైన్లనే కలుపుతుంది. వేల లైన్లు ఇరవయ్యో ముప్పయ్యో రకాలుగా తేలతాయి. అప్పుడు చదవడం మనిషి పని అవుతుంది.

ఆ జాబితాలో పైన ఉన్నవాటినే చూసి ఆగిపోకండి. కింద ఒక్కసారే, రెండుసార్లే వచ్చినవి ఉంటాయి, అవి తప్పకుండా చదవండి. పైన ఉన్నవి సాధారణంగా పర్యవసానాలు. వీలైతే నిన్న ఇదే గంటకు ఇదే జాబితా తయారుచేసి, లెక్కలు తీసేసి, రెండిటినీ పక్కపక్కన పెట్టి పోల్చండి. ఇవాళ్టి జాబితాలో మాత్రమే ఉన్న రకాలు మూడో నాలుగో తేలతాయి, వాటితో మొదలుపెట్టొచ్చు. నిన్న బదులు కిందటి వారం ఇదే రోజు ఇంకా మంచిది, వారాంతపు బ్యాచ్ జాబ్‌లవీ ఉంటాయి కాబట్టి.

లెక్కల్ని మరీ నమ్మొద్దు కూడా. ఒకే వైఫల్యాన్ని కింది లేయర్ ఒకసారి రాసి పైకి విసురుతుంది, మధ్య లేయర్ ఇంకోసారి రాసి పైకి విసురుతుంది, పైది మళ్లీ రాస్తుంది. రీట్రై వల్ల అదంతా మొత్తం మూడుసార్లు జరిగితే ఒక యూజర్ ఒక బటన్ నొక్కినందుకు తొమ్మిది ఎర్రర్లు. "9000 ఎర్రర్లు" అని మెయిల్ పెట్టే ముందు ఎంతమంది యూజర్లకు తగిలిందో చూసుకోండి. లాగ్‌లో రిక్వెస్ట్ ఐడీ (ఒక్కో రిక్వెస్ట్‌కి విడిగా ఇచ్చే గుర్తింపు) ఉంటే ఐడీల వరకే విడిగా తీసి ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టడం ఉత్తమం.

రిక్వెస్ట్ ఐడీ అన్నాను కాబట్టి: అది ఉన్న సిస్టమ్‌లో పని చేస్తుంటే మీరు అదృష్టవంతులు. ఫెయిలైన ఒక్క రిక్వెస్ట్ ఐడీ పట్టుకుని, దాంతో అన్ని సర్వీసుల లాగ్‌లూ వెతికి, టైమ్ ప్రకారం పేరిస్తే కథంతా ఒక్క పేజీలో ఉంటుంది. వేల ఎర్రర్లలో ఏదో ఒకదాన్ని ఇలా మొదటినుంచి చివరిదాకా చదివితే, అన్నిటినీ పైపైన చూసిన దానికన్నా ఎక్కువ తెలుస్తుంది. పక్కనే, అదే నిమిషంలో బాగా పూర్తయిన రిక్వెస్ట్ ఒకదాన్ని కూడా తీసి చదవండి. రెండూ ఎక్కడ విడిపోయాయో అక్కడ వేలు పెట్టొచ్చు.

స్టాక్ ట్రేస్‌ల గురించి, అంటే ఎర్రర్ దగ్గరికి కోడ్ ఏ దారిన చేరిందో చూపే లైన్ల గురించి, కాస్త ఆగి చెప్పాలి. గ్రెప్ లైన్లవారీగా పనిచేస్తుంది, ట్రేస్ యాభై లైన్లు ఉంటుంది. ఎర్రర్ అని ఫిల్టర్ చేస్తే తల మాత్రమే వస్తుంది, మొండెం ఉండిపోతుంది. మైనస్ పెద్ద ఎ తర్వాత అంకె ఇస్తే దొరికిన లైను కింద అన్ని లైన్లు, పెద్ద బి ఇస్తే పైన, పెద్ద సి ఇస్తే రెండు పక్కలా చూపిస్తుంది. జావా ట్రేస్‌లో పైన కనిపించేది చాలాసార్లు ఎవరో చుట్టిన కాగితం, అసలు సరుకు కిందికి పోగా పోగా ఆఖరి "కాజ్డ్ బై" దగ్గర ఉంటుంది. పైథాన్‌లో మామూలుగా ఎర్రర్ పేరు, మెసేజ్ ట్రేస్ చివరి లైనులో ఉంటాయి, పైన ఉన్నదంతా అక్కడికి చేరిన దారి.

జావాలో ఇంకో వింత ఉంది, కొత్తవాళ్లను చాలా తికమక పెడుతుంది. నల్ పాయింటర్ ఎక్సెప్షన్ (లేనిదాన్ని ఉందనుకుని వాడబోతే వచ్చే ఎర్రర్) అని ఉంటుంది, కింద ట్రేస్ ఒక్క లైను కూడా ఉండదు. డెవలపర్ ట్రేస్ రాయలేదని తిట్టుకుంటాం. నిజానికి ఒకే చోట ఒకే ఎక్సెప్షన్ మరీ ఎక్కువసార్లు వస్తే హాట్‌స్పాట్ జేవీఎం (జావా ప్రోగ్రామ్‌లను నడిపే ఇంజిన్) దాన్ని ఆప్టిమైజ్ చేసి, ట్రేస్ లేని ఎక్సెప్షన్‌ని విసరడం మొదలుపెడుతుంది. కాబట్టి వెనక్కి వెళ్లండి. అదే ఎక్సెప్షన్ ఆ ప్రాసెస్ మొదలయ్యాక తొలిసారి వచ్చినచోట ట్రేస్ పూర్తిగా ఉంటుంది. ఒక్కోసారి అది నాలుగు రోజుల కిందటి కంప్రెస్డ్ ఫైల్‌లో ఉంటుంది. ఇవాళ్టి ఫైల్ మాత్రమే చూసేవాళ్లకు అది ఎప్పటికీ దొరకదు.

ఇప్పుడు ఏ ఫిల్టరూ పట్టుకోలేని సంగతి: రావాల్సి ఉండీ రాని లైను. రాత్రి జాబ్ అసలు మొదలే కాకపోతే దాని ఎర్రర్ ఎక్కడుంటుంది? అందుకే ఎర్రర్లతో పాటు మంచి లైన్లు కూడా లెక్కపెట్టండి. "ఆర్డర్ సేవ్ అయింది" అనే లైన్లు నిమిషానికి మామూలుగా ఎన్ని, ఇబ్బంది టైమ్‌లో ఎన్ని? సున్నా అయిపోయి ఎర్రర్లు కూడా లేకపోతే రిక్వెస్ట్‌లు ఇక్కడిదాకా రావడమే లేదని అర్థం, మీరు చూడాల్సిన లాగ్ ఇంకెక్కడో ఉంది.

అప్లికేషన్ లాగ్ ఒక మామూలు లైనుతో హఠాత్తుగా ఆగిపోయి, కాసేపటికి "స్టార్టింగ్" అని మొదలైతే, ప్రాసెస్‌ని ఎవరో చంపేశారు. చచ్చేవాడు రాసుకోలేడు కదా. ఎగ్జిట్ కోడ్ 137 ఉందేమో చూడండి, అది 128కి 9 కలిపితే వచ్చేది, 9 అంటే సిగ్‌కిల్, ప్రాసెస్‌ని బలవంతంగా ఆపేసే సిగ్నల్. మెమరీ అయిపోయి లినక్స్ కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) చంపి ఉంటే కెర్నెల్ లాగ్‌లో "అవుట్ ఆఫ్ మెమరీ, కిల్డ్ ప్రాసెస్" అని ఉంటుంది. డిస్క్ నిండినా లాగ్ ఆగిపోతుంది, ఎందుకంటే రాయడానికి చోటు లేదు. ఎర్రర్ నంబర్ 28 కనిపిస్తే అదే. కానీ డిస్క్‌లో మిగిలిన చోటు చూపే డీఎఫ్ కొడితే ఇంకా చోటున్నట్టు చూపిస్తుంటే మైనస్ ఐ ఇచ్చి చూడండి, ఐనోడ్‌లు (ఒక్కో ఫైల్‌కి ఒకటి చొప్పున కావాల్సిన రికార్డులు) అయిపోయినా అదే నంబర్ వస్తుంది. ఇంకోటి, జర్నల్‌సీటీఎల్ చూపించే లాగ్‌ను రాసే జర్నల్‌డీకి రేట్ లిమిట్ ఉంది. దాని సొంత డిఫాల్ట్ ప్రకారం ఒక సర్వీసు 30 సెకన్లలో సుమారు 10000 మెసేజ్‌లు దాటితే మిగతావి పడేసి, "సప్రెస్డ్" అని ఇన్ని మెసేజ్‌లు వదిలేశానని ఒక్క లైను రాస్తుంది. అంటే గోల ఎక్కువైన సరిగ్గా ఆ టైమ్‌లోనే లాగ్ అసంపూర్తిగా ఉంటుంది. ఆ లైను కనిపిస్తే మీ లెక్కలన్నీ కనీసపు లెక్కలే.

విండోస్ వైపు క్లుప్తంగా: ఈవెంట్ వ్యూయర్‌లో అప్లికేషన్, సిస్టమ్ అనే రెండు లాగ్‌లతోనే చాలావరకు పని జరుగుతుంది. "ఫిల్టర్ కరెంట్ లాగ్"లో టైమ్ రేంజ్ పెట్టి, క్రిటికల్, ఎర్రర్, వార్నింగ్ మూడూ టిక్ చేయండి. ఈవెంట్ ఐడీల గడిలో నంబర్ ముందు మైనస్ పెడితే ఆ నంబర్ తప్ప మిగతావి వస్తాయి. పైన చెప్పిన 10016ని అలా వదిలించుకోవచ్చు. అప్లికేషన్ క్రాష్ అయితే 1000, మెషిన్ సరిగా షట్‌డౌన్ కాకుండా రీబూట్ అయితే కెర్నెల్ పవర్ 41, ఈ రెండు నంబర్లూ గుర్తుపెట్టుకోండి. 41 మాత్రం కారణం చెప్పదు, కరెంటు పోయినా అదే, హ్యాంగ్ అయి బటన్ నొక్కి ఆపినా అదే. ఒకసారి తయారుచేసిన ఫిల్టర్‌ని కస్టమ్ వ్యూగా దాచుకుంటే ప్రతిసారీ కొట్టే పని తప్పుతుంది.

లాగ్ ముక్కను వేరేవాళ్లకు పంపేటప్పుడు స్క్రీన్‌షాట్ పంపకండి, టెక్స్ట్ పంపండి, వాళ్లు కూడా వెతుక్కోవాలి కదా. మొదటి ఎర్రర్‌కి పైన ఒక వంద లైన్లైనా ఉంచండి. పంపే ముందు పాస్‌వర్డ్‌లు, టోకెన్లు, ఫోన్ నంబర్లు ఉన్నాయేమో చూసి చెరిపేయండి. అలాంటివి లాగ్‌లోకి ఎందుకొస్తాయి అనుకుంటారేమో. 2018 మేలో ట్విట్టర్ తన యూజర్లందరినీ, అప్పట్లో దాదాపు 33 కోట్ల మంది, పాస్‌వర్డ్ మార్చుకోమని చెప్పాల్సి వచ్చింది. ఒక బగ్ వల్ల పాస్‌వర్డ్‌లు హ్యాష్ కాకముందే, అంటే చదవలేని రూపంలోకి మారకముందే, లోపలి లాగ్‌లో పడుతుండేవి.

చివరిగా టూల్స్. ఒక్క సర్వర్, రెండు మూడు ఫైళ్లయితే పైన చెప్పిన కమాండ్లు చాలు. వేర్వేరు ఫైళ్లను టైమ్ ప్రకారం ఒకే వరసలో కలిపి చూడాలంటే ఎల్‌నావ్ అనే ఉచిత ప్రోగ్రామ్ టెర్మినల్‌లోనే పనిచేస్తుంది, దాంట్లో ఎస్‌క్యూఎల్ క్వెరీలు కూడా రాయొచ్చు. లాగ్ జేసన్‌లో (పేరు, విలువ జతలుగా రాసే ఫార్మాట్) వస్తుంటే దాన్ని చదివే జేక్యూ కమాండ్ నేర్చుకోండి, గ్రెప్‌తో కుస్తీ అక్కర్లేదు.

సర్వర్లు పదులు దాటితే అందరూ వెళ్లేది, లాగ్‌లన్నీ ఒకచోట చేర్చి వెతకనిచ్చే స్ప్లంక్, ఎలాస్టిక్‌సెర్చ్ మీద కిబానా, గ్రఫానా లోకీ లాంటివాటికే. మీ దగ్గర ఏది ఉంటే అది వాడండి, పద్ధతి మారదు. కానీ వాటి స్వభావాలు వేరు. ఎలాస్టిక్‌సెర్చ్ లైనును మాటలుగా విడగొట్టి ఇండెక్స్ (వెతకడానికి సూచిక) చేస్తుంది కాబట్టి, గ్రెప్‌లోలాగా మాట మధ్యలో ముక్క ఇచ్చి వెతికితే మామూలుగా దొరకదు. "లాగ్‌లో లేదు" అని తేల్చేముందు పూర్తి మాటతో వెతకండి. లోకీ లైను లోపలి మాటలను ఇండెక్స్ చేయదు, పైనున్న లేబుళ్లను మాత్రమే చేస్తుంది. సర్వీసు పేరు, టైమ్ ముందు బిగించకుండా మాటతో వెతికితే నిదానంగా నడుస్తుంది. కిబానా తెరవగానే మామూలుగా చివరి 15 నిమిషాలే చూపిస్తుంది, టైమ్ కూడా మీ బ్రౌజర్ జోన్‌లోకి మార్చి చూపిస్తుంది. సర్వర్‌లో ఫైల్ తెరిస్తే యూటీసీ, కిబానాలో లోకల్. పక్కపక్కన పెట్టుకుని చూసేటప్పుడు ఈ తేడా గుర్తుంచుకోండి.

మీ అప్లికేషన్ ఏ భాషలో ఉంది, లాగ్ మామూలు టెక్స్టా జేసనా, ఒక లైను ఎలా ఉంటుంది అన్నది చెప్తే (పేర్లూ ఐడీలూ చెరిపేసి ఒక ఐదారు లైన్లు పెట్టండి) టైమ్ కోసే ఆక్ కమాండ్, అంకెలు మార్చే సెడ్ కమాండ్ మీ ఫార్మాట్‌కి సరిపోయేలా కింద కామెంట్‌లో రాసిస్తాను.